నిద్రపోతున్నట్టు వద్దు

నేను డిగ్నాని చూడకముందు ఆమె బొమ్మని చూశాను.

గుయాకిల్‌లో ఫ్రిజ్‌లూ మంచాలూ బీరువాలూ మోసే పికప్ బండి నాది. ఒకరోజు, మార్చి ఆరో తారీకు అని పేరున్న వీధిలో ఏదో సామాను ఎక్కించాలి రమ్మంటే వెళ్లాను. రేకుల షెడ్డులో ఒక అమ్మాయి ముక్కాలి పీట మీద కూర్చుని, గోడకి తల ఆనించి నిద్రపోతోంది. రొయ్యల ఫ్యాక్టరీ గౌను, రబ్బరు బూట్లు, ఒళ్లో సగం వలిచిన రొయ్యల గిన్నె. వేళ్ల చివర్లు నీళ్లలో నాని, తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. లేపబుద్ధి కాక గుమ్మంలోనే నిలబడ్డాను.

"అలా నిలబడ్డావేంటి? ఎత్తు," అంది వెనకనించి ఒకావిడ.

"లేవనివ్వండి, పాపం. బాగా అలిసిపోయినట్టుంది."

ఆవిడ నవ్వలేదు. "అది లేవదు. నువ్వు ఎత్తాల్సింది దాన్నే."

ఆవిడే ఆరిస్తెలా. అంతలో అదే గౌను, అవే బూట్లతో అసలు పిల్ల వీధిలోంచి లోపలికి వచ్చింది. బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి, "నన్ను జాగ్రత్తగా ఎక్కించు. ముక్కు విరగ్గొట్టావంటే మర్యాదగా ఉండదు," అంది. ఆ వానాకాలం వెళ్లేలోగా డిగ్నాకీ నాకూ పెళ్లయింది. ఆరిస్తెలా నాకు వదినైంది. ఈనాటికీ పోట్లాట వచ్చినప్పుడల్లా డిగ్నా అదే మాట అంటుంది: "దాన్నే చేసుకోవాల్సింది. తినదు, తిరిగి మాట్లాడదు."

మా మామగారిది ఆ వీధిలో కాగితపు బొమ్మల పని. ఏడాది చివరి రోజు ఊళ్లో అందరూ పాత సంవత్సరం పేరు చెప్పి వీధుల్లో తగలబెట్టే బొమ్మలు. మంత్రులు, ఆటగాళ్లు, ఇంటి ఓనర్లు, ఎవరి మీద కోపముంటే వాళ్లు. వదిన తనకి పదిహేడేళ్లప్పుడు ఒక కౌన్సిలర్ మొహం చేస్తే, కొనుక్కున్నవాళ్లకి నిప్పంటించడానికి చేతులు రాలేదట. తీసుకెళ్లి చర్చి గోడకి ఆనించి వెళ్లిపోయారట. "నువ్వీ వ్యాపారానికి పనికిరావే, తల్లీ," అన్నాడట మామగారు. అన్నాడే గాని ఆ మొహాన్ని చాలాకాలం కిటికీలో పెట్టుకున్నాడు.

తర్వాత ఆమె ఒక ఆసుపత్రిలో పనికి చేరింది. కాలిపోయినవాళ్లకి, తెగిపోయినవాళ్లకి చెవులూ ముక్కులూ వేళ్లూ చేసిపెట్టే గది అది. సిలికాన్‌తో చర్మం చెయ్యడం అక్కడే పట్టుబడింది. చర్మానికి ఒక రంగంటూ ఉండదనీ, లోపలి ఎరుపు, దాని మీద పసుపు, మీద మీదికి కనబడే నరాల నీలం, ఇవన్నీ పొరలు పొరలుగా వెయ్యాలనీ నాకు చెప్పింది. సాయంత్రాలు ఇంటికొచ్చి చెల్లెలి బొమ్మ చేసుకుంది. దాన్ని నా బండిలోనే క్విటోలో ప్రదర్శనకి పంపాం. దానికి బహుమతి వచ్చింది. ఎవరో విదేశీ మ్యూజియం వాళ్లు కొనుక్కుపోయారు. వదిన ఆసుపత్రి మానేసింది. డిగ్నా రొయ్యలు వలవడం మానేసి, బొమ్మలకి వెంట్రుకలు నాటడానికి కూర్చుంది.

ఆ పని చూస్తే తప్ప తెలియదు. ఒక్కో వెంట్రుకనీ చీలిక సూదితో చర్మంలోకి గుచ్చాలి. వాలు తప్పితే తల చీపురులా ఉంటుంది. కనుబొమ్మలు, చేతుల మీద నూగు, చెవిలోంచి తొంగిచూసే వెంట్రుక కూడా. ఒక బొమ్మకి నెలలు పట్టేది. రాత్రి పడుకున్నాక కూడా డిగ్నా వేళ్లు దుప్పటిని గుచ్చుతూనే ఉండేవి.

తర్వాత వదిన ఎందరిని చేసిందో. బస్టాండులో బూట్లు పాలిష్ చేసే మనిషి, చంకలో బిడ్డతో క్యూలో నిలబడ్డ తల్లి, లాటరీ టికెట్లమ్మే ముసలాయన. ఆ ముసలాయన్ని తీసుకెళుతుంటే వంతెన దాటాక పోలీసులు ఆపారు. ఒకడు టార్పాలిన్ ఎత్తి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవడ్రా వీడు?"

"లాటరీలమ్మే తాతండీ. ప్రదర్శనకి."

"బతికే ఉన్నాడా?"

"ఎప్పుడూ లేడు సార్."

వాడు ముక్కు కింద వేలు పెట్టి చూశాడు, చెవి మెలిపెట్టి చూశాడు. చివరికి నమ్మి, తోటివాళ్లందరినీ పిలిచి తాత భుజం మీద చెయ్యేసి ఫోటోలు దిగాడు. ఈ కథ చెప్పి ఇంట్లో అందర్నీ నవ్వించాను. వదిన మాత్రం, "చూసి ఏమన్నాడు?" అనడిగింది.

"ఇంకాసేపుంటే లేచి మాట్లాడేట్టున్నాడు అన్నాడు."

"వాడూ అదే అన్నాడా," అని చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లిపోయింది.

అందరూ అదే అనేవాళ్లు. మంత్రి భార్యా అదే, ప్రదర్శన హాలు ఊడ్చే మనిషీ అదే. చదువుకున్నవాళ్లు వచ్చి, ఇది చేతి నేర్పేగాని కళ కాదు అని పత్రికల్లో రాసేవాళ్లు. వదిన దేనికీ జవాబు చెప్పేది కాదు. బ్యాంకు స్థాపించిన పెద్దాయన, ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడు, ఎవరొచ్చినా తమ బొమ్మకి పొట్ట కాస్త తగ్గించమనీ జుట్టు కాస్త పెంచమనీ అడిగేవారు. చేసిపెట్టేది. మణికట్లు వాచేవి, కళ్లు నీళ్లు కారేవి. సిలికాన్ వాసనకి అన్నం సహించేది కాదు. ఆదివారాలు కూడా షెడ్డులోనే. ఏడాదికేడాది మాట తగ్గిపోయింది.

ఆ రోజుల్లో డోన్యా ఫ్రెస్యా అనే పెద్దింటి ముసలామె వచ్చింది. ఆమెది నది అవతల ధనికుల కాలనీ. భర్త డాన్ రోములో పోయి కొన్ని నెలలైంది. ఆయన్ని సావిట్లో తన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నట్టు చేసిపెట్టమంది. ఫోటోలు తెచ్చింది, బట్టలు తెచ్చింది, కళ్లజోడు తెచ్చింది. పోయినవాళ్లని చెయ్యడం వదినకి అదే మొదలు. డిగ్నాకి ఇష్టం లేదు. "ఎందుకక్కా, మనకి బతికినవాళ్లు కరువా?" అంది. వదిన ఆ ముసలామె మొహం చూసి కాదనలేకపోయింది.

ఆయన్ని దింపిన రోజు ఆ ఇంట్లో పనిమనుషులతో సహా అందరూ ఏడ్చారు. డోన్యా ఫ్రెస్యా వదిన చేతులు రెండూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది. ఆ సంగతి నలుగురికీ తెలిసి, ఇంకొందరు తమ తమ వాళ్ల ఫోటోలు పట్టుకుని వచ్చారు. ఒక తల్లి, ఒక అన్న, స్కూలు బట్టల్లో ఒక పిల్ల. వదిన చేసిపెట్టింది. ఆ పిల్లకి రెండు జడలు వేసిన రోజు డిగ్నా ఇంటికొచ్చి మా అమ్మాయిని వాటేసుకుని ఊరికే కూర్చుండిపోయింది.

డాన్ రోములోని దింపాక రెండో వానాకాలంలో డోన్యా ఫ్రెస్యా నుంచి ఫోను. బండి తీసుకుని రమ్మంది. రంగు వెలిసిందేమోనని వదిన డబ్బాలూ కుంచెలూ సర్దుకుని బయల్దేరింది. డాన్ రోములో చక్కగా తన కుర్చీలోనే ఉన్నాడు. ఎక్కడా ఒక్క వెంట్రుక ఊడలేదు.

"తీసుకెళ్లిపోండి," అంది డోన్యా ఫ్రెస్యా.

"ఏమైందండీ?" అంది వదిన.

"ఏమీ కాలేదు. అదేనమ్మా బాధ." ఆమె బొమ్మకి వీపు పెట్టి కూర్చుంది. "మా ఆయన నవ్వితే పై పెదవి ఒక పక్కకి పోయేది. ఏ పక్కకో ఇప్పుడు గుర్తు రావడంలేదు. కళ్లు మూసుకుంటే ఇదే వస్తోంది. ఈ పేపరూ, ఈ మొహం. జీవితమంతా కాపురం చేసినవాణ్ణి ఈ కుర్చీలో కూర్చున్నాయన మింగేశాడు. మీ తప్పు లేదు. బాగా చేశారు. అంత బాగా చెయ్యకుండా ఉండాల్సింది."

 వదినా నేనూ డాన్ రోములోని కుర్చీతో సహా మోసుకొచ్చి బండిలో కట్టాం. దారిలో వాన మొదలైంది. చాలా దూరం వచ్చాక వదిన నోరు విప్పింది.

"ఏ పక్కకి నవ్వుతాడో నేనూ అడగలేదు ఉబాల్డో. ఫోటోల్లో అన్నిట్లోనూ నోరు మూసుకునే ఉన్నాడు."

"నువ్వేం చేస్తావ్ వదినా. వాళ్లిచ్చిన ఫోటోలేగా."

"నవ్వు చెయ్యడం నాకు రాదు. నవ్వు ఆగితే పళ్లికిలించినట్టు ఉంటుంది. అందుకే అందర్నీ నిద్రపుచ్చుతాను, లేకపోతే పేపరు చదివిస్తాను. ఇన్నేళ్లలో ఎవరూ కనిపెట్టలేదు."

ఆ తర్వాత వదిన కొత్త పని ఒప్పుకోలేదు. డాన్ రోములో షెడ్డు మూల కూర్చున్నాడు. పారేద్దామంటే ఎక్కడ పారేస్తాం? చెత్త బండి వాళ్లు చూస్తే పోలీసుల్ని పిలుస్తారు. వదిన పొద్దున్నే వచ్చి, ఒక ముద్ద మట్టి తీసి, కాసేపు పిసికి, మళ్లీ తడిగుడ్డ కప్పేసేది. మధ్యాహ్నాలు ఊయల మంచంలో పడుకుని పైరేకులు చూసేది. "ఏమైనా తింటావా అక్కా?" అంటే, "నువ్వు తిను," అనేది.

అలా ఉండగా ఒక పొద్దున పొసోర్హా అనే జాలర్ల ఊరి నుంచి ఒక పెద్దామె బస్సులో వచ్చింది. నల్లగా, సన్నగా, చేతిలో ప్లాస్టిక్ సంచీ. పేరు యూఫెమియా. లోపలికి వస్తూనే మూలనున్న డాన్ రోములోకి నమస్కారం పెట్టింది. జవాబు రాకపోయేసరికి, "నమస్కారమయ్యా," అని మళ్లీ గట్టిగా అంది.

"ఆయన బొమ్మ, పెద్దమ్మా," అంది డిగ్నా.

యూఫెమియా దగ్గరికెళ్లి చూసింది. "పోన్లే. మా ఊరి ప్రెసిడెంటు కూడా అంతే, పలకడు," అని పీట లాక్కుని కూర్చుంది.

ఆమె కొడుకు జోఫ్రే. చేపలవేటకి వెళ్లినప్పుడు సముద్రంలో బోటు ఇంజన్లు దోచుకునేవాళ్లు అడ్డగించారు. ముగ్గురు వెళితే ఇద్దరు ఈదుకుంటూ ఇంకో బోటుకి చేరారు. జోఫ్రే దొరకలేదు. ఖాళీ బోటు మాత్రం ఒడ్డుకి వచ్చింది.

"శవం లేనిదే పోయాడని ఎట్లా అనుకునేది తల్లీ?" అంది వదినతో. "అందరూ పోయాడంటారు. కోడలు నల్లబట్టలు కట్టింది. నేను కట్టలేదు. కుక్క మొరిగితే లేస్తాను. రోజూ వాడికీ కలిపి వండుతాను. వండింది పారెయ్యలేక నేనే తింటాను. చూడు, ఎట్లా అరగక చస్తున్నానో. నువ్వు మనుషుల్ని చేస్తావట. మావాణ్ణి చేసిపెట్టు."

వదిన తల అడ్డంగా ఊపింది. "పోయినవాళ్లని చెయ్యడం మానేశానమ్మా. ఇంట్లో పెట్టుకుంటే మంచిది కాదు. అదిగో, ఆయన్ని చూశావుగా. తిరిగి ఇచ్చేశారు."

"ఇంట్లో పెట్టుకోడానికి ఎవరన్నారు? పాతిపెట్టడానికి."

డిగ్నా సూది పక్కన పెట్టేసింది. నేను గుమ్మంలోంచి లోపలికి వచ్చాను. వదిన ఇంకో పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"మరి ఎట్లా చెయ్యమంటావు? నిద్రపోతున్నట్టా?"

"నిద్రపోతున్నట్టు వద్దు," అంది యూఫెమియా. "నిద్రపోతున్నట్టు చేస్తే మళ్లీ లేస్తాడేమోనని చూస్తాను. చచ్చిపోయినట్టు చెయ్యి."

సంచీలోంచి ఒక చొక్కా, గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కార్డు మీద ఫోటో గోరంత కూడా లేదు.

నేను చూసినంతలో వదిన అంత భయపడి మొదలుపెట్టిన పని ఇంకోటి లేదు. "నాకు రాదు ఉబాల్డో. ఇంతకాలం ప్రాణం ఉన్నట్టు చెయ్యడం ఎట్లాగా అనే చూశాను," అంది. పాత ఆసుపత్రిలో తెలిసిన నర్సుని బతిమాలి, శవాల గదిలో ఒక పొద్దుటిపూట కూర్చుని వచ్చింది.  మర్నాడు మట్టి తీసి, దవడ దగ్గర మొదలుపెట్టింది.

యూఫెమియా వారంలో ఒకరోజు బస్సెక్కి వచ్చేది. వచ్చేటప్పుడు ఎండుచేపో, పచ్చి అరటికాయలో తెచ్చేది. డిగ్నా ఆ కాయలు వేయించి చిదిమి, జున్ను కలిపి ముద్దలు చేస్తే అందరం తినేవాళ్లం. వదిన కూడా తినేది. తింటూ యూఫెమియా చెప్పేది. "ముక్కు అంత బాగుండదమ్మా వాడికి. చిన్నప్పుడు పడవ అంచుకి కొట్టుకుని కొంచెం వంగింది. చెవి ఒకటి డొప్పలాగా ఉండేది, వాళ్ల నాన్నకి మల్లే." వదిన అక్కడికక్కడే మట్టి తీసి దిద్దేది. ఫోటో వైపు చూడటం మానేసింది.

పాదాలకి అచ్చు కావలసి వస్తే నా పాదాలిచ్చాను. యూఫెమియా చూసి నవ్వేసింది. "ఇవి బండి నడిపేవాడి కాళ్లు. మావాడివి చెప్పులెరగవు. వేళ్లు విడివిడిగా ఉంటాయి, బాతుకి మల్లే." మళ్లీ దిద్దాల్సివచ్చింది. అయినా మడమలు నావే. పొసోర్హా స్మశానంలో ఇప్పటికే నా మడమలున్నాయని ఇంట్లో వేళాకోళం చేస్తుంటారు.

ఒకరోజు డిగ్నా మెడ పట్టుకుని లేచి, "అక్కా, పైన చొక్కా ఉంటుంది. ఛాతీ మీద కూడా నాటాలా?" అంది. అడగడం మామూలుగానే అడిగింది గాని ఆమె వేళ్లు అప్పటికే వంకరపోతున్నాయి.

"నీకు కష్టమైతే నేను నాటుతాలే."

"నువ్వు నాటితే అడవిపందిలా ఉంటాడు," అని విసుక్కుంటూ మళ్లీ కూర్చుంది. మోకాళ్ల కింద సముద్రపు ఎండకి రాగిరంగు తిరిగిన వెంట్రుకలతో సహా అన్నీ నాటింది.

పూర్తయిన రోజు యూఫెమియాకి కబురు పెట్టాం. జోఫ్రేని బల్ల మీద పడుకోబెట్టి, తెచ్చిన చొక్కా తొడిగి, నడుము దాకా దుప్పటి కప్పాం. నేను ఆ షెడ్డులో ఎన్నో బొమ్మల్ని చూశాను, ఎత్తాను, మోశాను. దీని పక్కకి రాగానే నెత్తి మీద టోపీ తీసేశాను. పెదవులు వదులై, కనురెప్పలు పూర్తిగా మూతపడక, చెంప బల్ల వైపు జారి ఉంది. లేచి మాట్లాడేట్టు అస్సలు లేదు.

యూఫెమియా లోపలికి వచ్చింది. ఈసారి డాన్ రోములోని పలకరించలేదు. కొడుకు నుదుటి మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది. డొప్ప చెవి వెనక్కి సర్దింది. వంగి పాదాలు చూసింది.

"అవును," అంది. "పోయాడు."

ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. బొమ్మల అంగళ్లవాళ్లు పనులాపి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. డిగ్నా ఆమె పక్కనే నేల మీద కూర్చుని పట్టుకుంది. వదిన గోడకి ఆనుకుని చేతులు వేలాడేసి నిలబడింది. వదిన పని చూసి జనం ఏడవడం నాకు కొత్త కాదు. కాని వదిన కూడా ఏడవడం చూసింది అదే మొదలు.

పాతిపెట్టడానికి పొసోర్హాలో ఫాదర్ మొదట ఒప్పుకోలేదు. "బొమ్మకి అంత్యక్రియలేంటమ్మా? ఊళ్లో నవ్వుతారు," అన్నాడు.

"మీ చర్చిలో ఉన్నవన్నీ ఏంటి ఫాదర్?" అంది యూఫెమియా. "వాటికి బట్టలు మారుస్తారు, పండక్కి ఊరేగిస్తారు. మావాడికి ఒక్కరోజు ప్రార్థన చెయ్యలేరా?"

 చివరికి ఆయన వచ్చాడు. ఊరు ఊరంతా వచ్చింది. బోటులో జోఫ్రేతో వెళ్లి ఈదుకొచ్చిన ఇద్దరే శవపెట్టెని ముందువైపు పట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు. యూఫెమియా నల్లబట్టలు కట్టుకుంది. కోడలు ఆమెను పట్టుకుని నడిపించింది. మట్టి వేసేటప్పుడు వదిన వెనకాల, మా బండి దగ్గరే ఉండిపోయింది. ఆమె ఎవరో అక్కడ సగంమందికి తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆగి చేపల పులుసు తిన్నాం. వదిన ఇంకో గిన్నె పోయించుకుంది. తిని, బండిలో తల వెనక్కి వాల్చి, "ఇంక చాలు ఉబాల్డో," అంది. పులుసు సంగతేమోననుకున్నాను.

క్విటో నుంచి ఒక ప్రదర్శనల పెద్దమనిషి వచ్చాడు, ఎలాగో విని. అలాంటివే కొన్ని చేస్తే దేశదేశాలు తిప్పుతానన్నాడు. "అది చూపించడానికి చేసింది కాదు," అంది వదిన. పోనీ ఫోటో ఉందా అనడిగాడు. ఎవరమూ తియ్యలేదు. ఆయన నమ్మనట్టు చూసి వెళ్లాడు. ఒక మధ్యాహ్నం వదిన డాన్ రోములో తల విప్పి, చేతులు విప్పి, అన్నీ వేరువేరు సంచుల్లో కట్టించింది. చొక్కా బాగుందని నాకిచ్చింది. షెడ్డు ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషికి అద్దెకిచ్చేశాం. వదిన మణికట్లకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు చెంచా పట్టుకోగలదు, సన్నపని చెయ్యలేదు. చెయ్యాలని కూడా లేదంటుంది. డిగ్నా మాత్రం కళ్లజోడు పెట్టుకుని జబ్బుపడినవాళ్లకి విగ్గులు కడుతుంది.

ఏటా నవంబరులో, పోయినవాళ్ల పండక్కి సమాధులకి రంగులు వేసే రోజున, ముగ్గురం పొసోర్హా వెళతాం. యూఫెమియా కొడుకు పక్కన చాప పరిచి, రొట్టె, పళ్లతో కాచిన ఎర్రటి జావ తెచ్చి అందరికీ పోస్తుంది. మోకాళ్లు నొప్పులంటుంది, కోడలు మళ్లీ పెళ్లి చేసుకుందని చెబుతుంది, మంచిదే అంటుంది. తర్వాత జోఫ్రే సంగతులు మొదలుపెడుతుంది. పిల్లప్పుడు పక్కింటి బాతుని దొంగిలించి దుప్పట్లో దాచడం, అది రాత్రంతా అరవడం, వీడు తనే అరుస్తున్నానని ఒప్పుకోవడం. వాడిలాగే గొంతు మార్చి అరిచి చూపిస్తుంది. చుట్టుపక్కల సమాధుల దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూస్తారు.

వదిన గోడనీడలో కాళ్లు చాపుకుని, జావ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వింటుంది. ఆమె అలసట ఇంకా పోలేదు. పోతుందని నేను అనుకోవడంలేదు.

"తర్వాత?" అంటుంది.

యూఫెమియా చెబుతుంది.